చెట్టుకి మొహం లేదు కదండీ

మా బిల్డింగులో నీళ్ళ మోటారు వేసే చెయ్యి ఒకటుంది. ఆపే చెయ్యి మాత్రం లేదు. మూడంతస్తులు, ఆరు కుటుంబాలు, ఒకటే స్విచ్చి. పొద్దున్నే ఎవరో వేస్తారు. ట్యాంకు నిండి, పొంగి, గోడ వెంట దిగి, నా బండి సీటు మీదుగా వీధిలోకి పోతుంది. వేసవిలో నూజివీడు వీధికి స్నానం చేయించే భాగ్యం మా బిల్డింగుకే దక్కింది. ఈ సంగతి బిల్డింగు గ్రూపులో రాశాను. మర్యాదగానే రాశాను. "వేసినవారు దయచేసి ఆపగలరు" అన్నాను. వేసినవారెవరో నాకు తెలుసనీ, వారు పై అంతస్తులో ఉంటారనీ రాయలేదు. అయిదుగురూ చూశారు. ఒక్కరే, ఆ పై అంతస్తువారే, జవాబిచ్చారు. ఆ జవాబు ఒక బొమ్మ.

తల వెనక్కి వాల్చి పైకి చూస్తున్న ముసలాయన. నోరు కొంచెం తెరిచి ఉంది. చూపుడువేలు గాల్లో ఆగిపోయింది. కింద పసుపుపచ్చ అక్షరాలు: "లెక్కేస్తున్నా ఉండు."

మిగతా నలుగురూ నవ్వారు. అంటే కళ్ళ వెంట నీళ్ళు కారే నవ్వుబొమ్మలు పంపారు. ట్యాంకు నుంచి కారే నీళ్ళ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

నేను నవ్వలేదు. ఆ ముసలాయన పోయిన వానాకాలంలో చనిపోయాడు. పై అంతస్తువారికి ఆ సంగతి తెలియదు. ఆయన ఎప్పుడైనా బతికున్నాడని కూడా వాళ్ళకి తెలుసో లేదో నాకు అనుమానమే. ఆ బొమ్మ ఒక వీడియోలోంచి వచ్చింది. ఆ వీడియో తీసింది నేను.

ఆయన పేరు రాయను. మొహం ఇప్పటికే సరిపడా తిరుగుతోంది, పేరు కూడా ఎందుకు. ఆగిరిపల్లి వైపు ఊరు. చేసే పని మామిడికాపు అంచనా వెయ్యడం. ఈ పని గురించి బయటివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. తోట ఒకరిది. ఆ ఏటి కాపుని కౌలుకి తీసుకునేది ఇంకొకరు. చెట్ల మీద ఎంత కాయ ఉందో ఇద్దరికీ సరిగ్గా తెలియదు, ఇద్దరూ తెలిసినట్టే మాట్లాడతారు. అందుకని మధ్యలో మూడో మనిషి కావాలి. ఆ మనిషి తోటంతా తిరిగి ఇంత అని చెబుతాడు, రెండు వైపులవాళ్ళూ ఒప్పుకుంటారు. కాగితం లేదు, సంతకం లేదు. ముసునూరు నుంచి ఆగిరిపల్లి దాకా ఎన్నో తోటల్లో, నాకు మీసాలు రాకముందు నుంచీ, ఆ మూడో మనిషి ఆయనే. సొంతానికి సెంటు భూమి లేదు. ఆయనకున్నదల్లా ఒకటే: ఆయన ఒక మాట చెబితే, ఒకరినొకరు నమ్మని ఇద్దరు మనుషులు తలూపేవాళ్ళు.

నాకు బస్టాండు దగ్గర చిన్న ఇంటర్నెట్ సెంటరుంది. ఆధార్ మార్పులు, హాల్ టిక్కెట్లు, లామినేషన్. బి.టెక్. చదివాను కాబట్టి లామినేషన్‌లో గాలిబుడగలు రాకుండా చూసుకుంటాను. ఆయన మొదటిసారి ఏదో కాగితం పని మీద వచ్చి, గోడ మీద నా సర్టిఫికెట్ చూసి, "ఇంజనీరు గారూ" అన్నాడు. జిరాక్సు తీసేవాణ్ణి పట్టుకుని ఇంజనీరు గారంటే అందులో వెటకారం ఉందేమోనని కొన్నాళ్ళు కనిపెట్టి చూశాను. లేదు. ఆయనకి వెటకారం రాదు. ఎదుటివాళ్ళు చేస్తే అర్థం కాదు కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన కష్టాలన్నిటికీ మూలం ఇదే.

సీజను లేని నెలల్లో మధ్యాహ్నం పూట వచ్చేవాడు. చెప్పులు బయట విడిచి, స్టూలు మీద కూర్చుని, ఒకటే అడిగేవాడు.

"ఇవాళ వింతేంటండీ, ఇంజనీరు గారూ?"

ఇంటర్నెట్‌లో దొరికే వింతలు రోజుకొకటి చూపించాలి. రెండు చూపించబోతే ఒప్పుకునేవాడు కాదు. "రేపటికి ఉంచండి" అనేవాడు. నేను ఆ పని సంతోషంగానే చేశాను. నాలుగేళ్ళ చదువు అక్కరకొచ్చిన సందర్భాలు నాకు ఎక్కువ లేవు.

ఎక్కడో విదేశంలో వందేళ్ళకు పైగా ఆరకుండా వెలుగుతున్న బల్బు ఒకటుంది. దాని ముందు కెమెరా పెట్టి ఎవరైనా ఎప్పుడైనా చూసుకునేలా చేశారు. అది చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూశారాండీ?"

"ఎందుకు బాబాయ్?"

"ఆపకుండా ఉంటే దేనికైనా అలవాటైపోద్ది. ఆపి వేస్తే కదా దాని సత్తా తెలిసేది."

ఇంకోరోజు ప్రపంచంలో మొట్టమొదటి ఇంటర్నెట్ కెమెరా కథ చెప్పాను. ఒక యూనివర్సిటీలో కాఫీపాత్ర ఇంకో గదిలో ఉంటే, అందులో కాఫీ ఉందో లేదో కుర్చీలోంచి లేవకుండా తెలుసుకోవడానికి దాని ముందు కెమెరా పెట్టారట. పడి పడి నవ్వుతాడనుకున్నాను. ఆయన సాలోచనగా తలూపి, "వేడిగా ఉందో లేదో మాత్రం లేచెళ్ళే చూసుకోవాలి కదండీ, పాపం" అన్నాడు.

జోకులు ఆయన మీద పనిచేసేవి కావు. ఒకసారి, పెళ్ళికి ముందు ఫోటోలు దిగుతూ పెళ్ళికొడుకు బురదగుంటలో పడిపోయే వీడియో చూపించాను. అప్పట్లో దేశమంతా నవ్విన వీడియో అది. షాపులో ఉన్న ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు కుర్చీల మీంచి జారిపోయేలా నవ్వారు. ఆయన తెర దగ్గరికి జరిగాడు.

"తర్వాతేమైందండీ?"

"తర్వాతేముంది బాబాయ్, అంతే."

"లేచాడాండీ? దెబ్బ తగిలిందా?"

"వీడియో అక్కడితో అయిపోయింది."

"మనిషి అక్కడితో అయిపోడు కదండీ."

కుర్రాళ్ళు దానికి ఇంకా నవ్వారు. కొంతకాలం మా సెంటర్లో అదొక ఆట అయిపోయింది. ఏ వీడియో చూసినా ఎవడో ఒకడు ఆయన గొంతుతో "తర్వాతేమైందండీ?" అనేవాడు. ఆయన పక్కనే కూర్చుని, తనలాగే వీళ్ళకీ కుతూహలం పుట్టిందని సంతోషించేవాడు.

వీడియో సంగతి చెప్పాలి.

ఆయన అంచనా ఎలా వేస్తాడో చూడాలని నేనే వెంటపడ్డాను. కాయ ముదరడానికి ఇంకా మూడు నాలుగు వారాలుందనగా, ముసునూరు అవతల ఒక చిన్నరసాల తోటకి, నా బండి వెనక కూర్చుని దారి చూపిస్తూ తీసుకెళ్ళాడు. సొంతదారుడొక పక్క, కౌలుదారుడొక పక్క నిలబడ్డారు. ఆయన చెప్పులు విప్పి చెట్టు చుట్టూ ఒకసారి కుడివైపు నుంచి తిరిగాడు, ఒకసారి ఎడమవైపు నుంచి తిరిగాడు. తర్వాత మొదలు దగ్గర నిలబడి తల వెనక్కి వాల్చాడు. నోరు తెరుచుకుంది. వేలు గాల్లో కొమ్మ నుంచి కొమ్మకి పోయింది. చివరికి మాను మీద అరచెయ్యి వేసి, చెట్టుతోనే, పక్కింటాయనతో మాట్లాడినట్టు అన్నాడు.

"ఎనిమిది వందల నలభై రెండు. సరేనా?"

కాసేపు ఆగాడు. తలూపాడు. అప్పుడు వెనక్కి తిరిగి మనుషులకి చెప్పాడు.

ఇదంతా ఫోన్లో తీశాను. తీస్తూనే అడిగాను. "చెట్టుకెందుకు చెబుతారు బాబాయ్?"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చెప్పిన జవాబు ఇది. ఫోన్లో ఇప్పటికీ ఉంది, అందుకే అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"సొంతదారు మొహం చూస్తా చెబితే నాలుక మీద కాయలు పెరుగుతాయండి. కౌలుదారు మొహం చూస్తా చెబితే తరుగుతాయి. నేనూ మనిషినే కదా. అందుకని ముందు చెట్టుకి చెప్పేస్తాను. చెట్టుకి మొహం లేదు కదండీ. ఒకసారి పైకి చెప్పేశాక మరి మార్చడానికుండదు."

నేను జీవితంలో విన్న తెలివైన మాటల్లో ఇదొకటి. ఆ రాత్రే దాన్ని కోసేశాను.

ఎందుకంటే వీడియో పొడుగైంది. జనం పది సెకన్లకి మించి చూడరు. ఈ శాస్త్రం నాకు బాగా తెలుసు. నోరు తెరవడం, వేలు, "సరేనా?" అని అడగడం, తలూపడం, ఇంతవరకూ ఉంచాను. "చెట్టుతో వీడియో కాల్" అని పేరు పెట్టి వదిలాను. హాస్యం రాయడంలో నాకు కాలేజీ మ్యాగజైన్ రోజుల నుంచీ చెయ్యి తిరిగింది.

మూడో రోజుకి అది నా చేతిలో లేదు. ఎవడో చెట్టుకి గొంతు పెట్టాడు. ఎవడో పాట పెట్టాడు. ఒకడు చెట్టు తీసేసి, అక్కడ పరీక్ష ప్రశ్నపత్రం పెట్టాడు. ఇంకొకడు అత్తగారిని పెట్టాడు. అన్నిటిలోనూ ఆయన అదే నోరు తెరుచుకుని పైకి చూస్తాడు, అడుగుతాడు, తలూపుతాడు. నేను ఆ వారం కొంచెం గర్వంగానే తిరిగానని ఒప్పుకోవాలి. బండి ఆపి చూపించిన సందర్భాలున్నాయి.

ఆయనకి కూడా నేనే చూపించాను. రోజుకొక వింత చొప్పున, ఆ రోజు వింత అది. పాట పెట్టిందీ, గొంతు పెట్టిందీ, అత్తగారిదీ, మూడూ చూశాడు. ఆ రోజు ఒకటే చాలని కూడా అనలేదు.

"ఇందులో నవ్వేది దేనికండీ?"

జోకు వివరించడం ఎంత చండాలమైన పనో, ఎవరి మీద జోకో వారికే వివరించిన వాళ్ళకి తెలుస్తుంది. "మీరు చెట్టుతో మాట్లాడుతున్నట్టు ఉంది కదా బాబాయ్..."

"మాట్లాడాను కదండీ."

"అదే. జనానికి అది తమాషాగా ఉంది."

"మరి మొహం మాట ఏదండీ? ఎందుకు చెబుతానో చెప్పాను కదా?"

"అది... పొడుగైందని తీసేశాను."

ఆయన ఫోను నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. "అది తీసేస్తే నేను పిచ్చోడిలాగా ఉన్నాను కదండీ" అన్నాడు. కోపంగా కాదు. అంచనా చెప్పినట్టు చెప్పాడు.

"ఎంతమంది చూశారో తెలుసా బాబాయ్?" అన్నాను. దాన్ని ఓదార్పు అనుకున్నాను అప్పుడు.

నా వీడియో తీసేశాను. తీసేయడమంటే నా దగ్గరున్నది తీసేశాను. ఊళ్ళోకి పోయిన నీళ్ళని మోటారు కట్టేసి ఆపినంత ఫలితం వచ్చింది.

ఆయన పద్ధతి వేరు. కోతల సమయానికి ఆ తోటవాళ్ళని బతిమాలి ఆ ఒక్క చెట్టునీ విడిగా కోయించాడు. మామూలుగా ఎవరూ ఆ పని చెయ్యరు, చెట్ల కాయంతా కలిపి రాశి పోస్తారు. నన్ను పిలిచి, "ఇది కూడా తియ్యండి. తీసింది మీరే కాబట్టి మీరు పెడితే నమ్ముతారు" అన్నాడు. చిక్కాలతో ఒక్కో కాయా దింపి, వందేసి కుప్పలు పెట్టారు. ఎనిమిది వందల ముప్ఫై ఆరు వచ్చాయి. ఆయన ఆరు కాయల తేడాకి సంజాయిషీ కూడా కెమెరాకే చెప్పాడు: "నాలుగు గాలికి రాలాయండి. ఒకటి ఉడత కొట్టింది. ఒకటి వీడియో తీసిన రోజున ఇంజనీరు గారు ఉప్పూకారం వేసుకుని తిన్నారు."

నిజమే. తిన్నాను.

ఆ వీడియో ఇరవై నిమిషాలు. ఈసారి ఏమీ కొయ్యకుండా పెట్టాను. నలభై ఒక్కసార్లు చూశారు. అందులో ముప్ఫై సార్లు ఆయనే చూసి ఉంటాడు.

తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది. తన ఫోన్లో నా చేత ఖాతా తెరిపించుకుని, ఆ పాటల వీడియోలూ బొమ్మలూ ఎక్కడ కనిపించినా, కింద రాసినవాళ్ళందరికీ జవాబు రాయడం మొదలుపెట్టాడు. ఒకే మాటని అన్నిచోట్లా అతికించే ఉపాయం నేర్పించాను. వద్దన్నాడు. "అందరికీ ఒకే ముక్క పారేస్తే మర్యాద కాదండి" అన్నాడు. నా స్టూలు మీద కూర్చుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుని రాసేవాడు. "అమ్మా, మీరు నవ్వినందుకు సంతోషం. ఆ చెట్టుకు 836 కాయలు వచ్చాయి. నేను 842 చెప్పాను. గమనించగలరు." పేర్లు చూసి మరీ రాసేవాడు. ఒకడు డెవిల్ అని పేరు పెట్టుకున్నాడు. ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. పది నిమిషాలు తటపటాయించి, "డెవిల్ అని పేరు పెట్టుకున్న బాబు గారికి వందనాలు" అని మొదలుపెట్టాడు.

జనం ఏం చేశారంటారా? ఆ 836ని కూడా జోకు చేశారు. ఎవరు ఏమడిగినా "836, గమనించగలరు" అని రాయడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం ఫోను నా ముందుకి జరిపాడు. "ఇదేమంటుందండీ?"

ఆయన ఖాతా ఆగిపోయింది. తక్కువ సమయంలో ఎక్కువ జవాబులు రాశారట. ఈ ప్రవర్తన మనిషిది కాదు, యంత్రానిదిలా ఉందట. నిజంగా మనిషేనని రుజువు చేసుకోవాలంటే కింద ఉన్న తొమ్మిది ఫోటోల్లో ఎర్ర పంపులున్నవి ఎంచుకోవాలట.

"ఏం పంపులండీ ఇవి?"

"అమెరికాలో రోడ్ల పక్కన ఉంటాయి బాబాయ్. నిప్పంటుకుంటే నీళ్ళు పట్టడానికి."

"ఆగిరిపల్లోణ్ణి నేను మనిషినని తెలియాలంటే అమెరికా పంపులు తెలియాలాండీ?"

ఆ వేలమంది గుంపులో పేరు పెట్టి పలకరించినవాడు ఒక్కడే ఉన్నాడు. మిషను సరిగ్గా వాణ్ణే పట్టుకుని నువ్వు మనిషివి కాదు పొమ్మంది. ఈ మాట నేను ఎక్కడైనా తమాషాగా చెప్పగలను. చెప్పాను కూడా, చాలాచోట్ల.

మరుసటి ఏడు సీజనులో ఆయన మధ్యాహ్నం పూట వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. రెండో రోజూ వచ్చాడు. మూడో రోజూ వచ్చాడు. కాయ చెట్టు మీదుండగా ఆయన నీడపట్టున కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"తోటలకెళ్ళలేదా బాబాయ్?"

"పిలవలేదండి."

మెల్లగా చెప్పించాను. మొదటి తోటలో కౌలుదారు కొడుకు, ఆయన పైకి చూస్తుండగానే ఫోన్లో ఆ వీడియో పాట పెట్టాడు. కూలీలు నవ్వారు. ఆయన లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో తోటలో ఆయన చెప్పిన మాట సొంతదారుకి నచ్చలేదు. ఇదివరకైతే నచ్చకపోయినా తలూపేవాడు. ఈసారి, "చెట్టు నీకు తక్కువ చెప్పిందేమో తాతా, మళ్ళీ ఫోను చెయ్యి" అన్నాడు. అంతే, అయిపోయింది. మూడో మనిషి మాటని నవ్వి తోసెయ్యొచ్చని తెలిశాక ఇక మూడో మనిషి ఎందుకు? నచ్చని అంకె వచ్చిన ప్రతివాడికీ నేను పది సెకన్ల సాకు ఇచ్చి పెట్టాను.

ఆయన ఇదంతా చెప్పి, "ఇవాళ వింతేంటండీ?" అన్నాడు.

ఆ ఏడే ఆగిరిపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో రైతుల మీటింగు పెట్టారు. డ్రోను ఎగరేసి కాయలు లెక్కపెట్టే కుర్రాళ్ళు వచ్చారు. పేపర్లో చూసి, "అదీ వింతంటే! పోదాం పదండి" అని ఆయనే నన్ను లేవదీశాడు. తన పని పోగొట్టే మిషను కదా అని ముసలాళ్ళు మొహం మాడ్చుకుంటారని అనుకుంటాం. ఆయన పెళ్ళికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ముందు వరుసలో కూర్చుని, డ్రోను రెక్కల్ని వంగి వంగి చూశాడు.

హాలు నిండింది. ఆయన్ని దశాబ్దాల పాటు పిలిచిన సొంతదారులూ కౌలుదారులూ సగం మంది అక్కడే ఉన్నారు. టక్ చేసుకున్న కుర్రాడు తెర మీద బొమ్మలు మారుస్తూ మాట్లాడుతున్నాడు. ఒకచోట ఆగి, నవ్వి, "ఇక మన పాత పద్ధతి" అన్నాడు.

తెర నిండా ఆయన మొహం. తెరిచిన నోరు. వేలు.

హాలంతా ఘొల్లుమంది. కుర్రాడికి ఆయన ముందే కూర్చున్నాడని తెలియదు. అతని తప్పు కూడా కాదేమో. కాదని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

ఆయన లేచి నిలబడ్డాడు. నవ్వు ఇంకా పెరిగింది. ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, కుర్రాణ్ణి రెండు ప్రశ్నలడిగాడు.

"ఆకు వెనకాల కాయ దానికి కనపడుద్దాండీ?"

"దానికి లెక్క కట్టే పద్ధతుంది తాతా. ఓ... తాతా, మీరే కదా! సూపర్ తాతా!"

"నేనేనండి. ఆ చెట్టుకి ఎన్ని కాయలు దిగాయో కూడా ఆ బొమ్మ కింద రాశారాండీ?"

కుర్రాడికి అర్థం కాలేదు. అప్పటికే ఫోన్లు పైకి లేచాయి. ఎవడో వెనక నుంచి "836, గమనించగలరు!" అని అరిచాడు. ఆయన చుట్టూ చూసి, నా మీద చూపు నిలిపాడు. వేలు నావైపు చూపించాడు.

"ఇంజనీరు గారున్నారండి. వీడియో తీసింది ఆయనే. లెక్కపెట్టిన రోజు కూడా ఆయనున్నారు. ఆయన్నడగండి, చెబుతారు."

హాలు మొత్తం నావైపు తిరిగింది. ఆయనకి కావలసింది ఒక్క మాట. తలూపడం మానేసిన ఆ మనుషులందరి ముందు, అందరూ వింటుండగా, "ఆయన చెప్పింది ఎనిమిది వందల నలభై రెండు, ఆరు కాయలే తేడా వచ్చింది, నేనే సాక్షి" అంటే చాలు. నేను లేచాను. నోరు తెరిచేలోపు టక్ చేసుకున్న కుర్రాడు, "అన్నా, ఆ వైరల్ వీడియో మీదేనా? లెజెండ్ అన్నా మీరు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మామూలు చప్పట్లు కావు. నా కాలేజీ మ్యాగజైన్‌కి ఎన్నడూ రాని చప్పట్లు.

నేను "థాంక్యూ" అన్నాను. కూర్చున్నాను.

ఆయన ఇంకాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక నుంచి ఒక్కటే అడిగాడు. "ఆ డ్రోను బ్యాటరీ ఎంతసేపొస్తుందండీ?" ఇరవై నిమిషాలొస్తుందని చెప్పాను. "పెద్ద తోటైతే మధ్యలో దిగాల్సిందే కదండీ, పాపం" అన్నాడు.

తర్వాత రావడం తగ్గింది. వానల్లో జ్వరం వచ్చిందన్నారు. సమాధి దగ్గర ప్రార్థనలో నేనూ ఉన్నాను. ఫాదరు గారు మంచి మాటలు చెప్పారు. ఆయన చేసిన పని గురించి మాత్రం ఎక్కువ చెప్పలేదు. అక్కడ ఎవరైనా నవ్వుతారేమోనని భయపడ్డారో ఏమో.

బిల్డింగు గ్రూపులో బొమ్మ వచ్చిన ఆదివారమే నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య, పిన్నిగారు, వసారాలో కూర్చుని ఆవకాయ ముక్కలు పొడిబట్టతో తుడుస్తోంది. ప్యాకింగు షెడ్డులో కాయలు ఏరే పనికి వెళ్తుంది. ముక్క తుడిచేటప్పుడు కూడా దెబ్బ ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తుంది. మాటలు తక్కువ. నేను ఫోను తీసి బొమ్మ చూపించాను. మళ్ళీ చూపించాల్సిన అవసరం ఏమీ లేదు, కానీ నాకు ఒళ్ళు మండిపోతోంది, ఎవరో ఒకరికి చూపించాలి.

"చూడు పిన్నీ, చనిపోయిన మనిషిని కూడా వదలట్లేదు. చీరల కొట్టువాడు బోర్డు మీద వేసుకున్నాడు. కోచింగు సెంటరువాడు వేసుకున్నాడు. నేను పదకొండు చోట్ల ఫిర్యాదు రాశాను, ఒక్కడు పలకలేదు. ఇంకా రాస్తాను, వదిలిపెట్టను. ఇన్ని వేలమంది పంపుకుంటున్నారు కదా, ఈ మొహం ఎవరిదో, ఈ మనిషి ఏం చేసేవాడో తెలుసుకోవాలని ఒక్కడికైనా ఉందా? సిగ్గుందా వీళ్ళకి?"

ఆమె ఫోను వంక కాసేపు చూసింది. తుడిచిన ముక్కని జాడీ పక్కన పెట్టి, ఇంకో ముక్క చేతిలోకి తీసుకుంది.

"వాళ్ళకి ఆయనెవరో తెలీదు బాబూ. నీకు తెలుసుగా."